రామాలయం దగ్గరి గుండు: డెడ్‌లిఫ్ట్ 160 ఉన్నా ఇది లేవట్లేదు

లంక_కుర్రోడు
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రామాలయం అరుగు పక్కన వేపచెట్టు కింద ఒక రాతి గుండు ఉంది. నున్నగా ఉంటుంది, పైనా కిందా కొంచెం నొక్కినట్టు, గుమ్మడికాయలాగా. మా తాతయ్య, ఆయన ఈడువాళ్లు సంక్రాంతికి దాన్ని ఎత్తి భుజం మీద వేసుకునేవారని చిన్నప్పటి నుంచీ వింటున్నా. ఊళ్లో దాన్ని "పది మణుగుల గుండు" అంటారు.

నేను నాలుగేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నా. డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీదున్న ఇనప బారుని నడుం దాకా లేపడం, 160 కేజీలు ఒకసారి లేపుతా, 140 అయితే మూడుసార్లు. ఆ ధైర్యంతో మొన్న ఆదివారం తెల్లారకుండానే వెళ్లి గుండు పట్టుకున్నా. కదల్లేదు. రెండోసారి చేతులు జారి గోరు లేచిపోయింది. ఎవరూ చూడలేదనుకున్నా గానీ అరుగు మీద దుప్పటి కప్పుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "జిమ్మువాణ్ణి ఫీజు తిరిగిస్తాడేమో అడగరా" అన్నాడు.

సంక్రాంతికి ఇంకా ఐదు నెలలుంది. దీనికి ఎలా తయారవ్వాలి? మీలో ఎవరైనా గుండు ఎత్తినవాళ్లున్నారా?

ఉలవచారు
ఫీజు ఇవ్వరు. నేను అడిగా.

హైద్రాబాద్_గోదారోడు
మణుగు అంటే 37 కేజీలని నెట్‌లో ఉంది. పది మణుగులంటే 373 కేజీలు. తమ్ముడూ, మీ తాతయ్య మీద నాకు గౌరవమే గానీ ఆ కథ వదిలెయ్.

లెక్కల_మాస్టారు
ఆ 37 కేజీల మణుగు ఉత్తరాదిది. మనది మద్రాసు తూకం. 8 వీశెలు ఒక మణుగు, అంటే 25 పౌన్లు, అంటే 11.34 కేజీలు. ఇరవై మణుగులైతే బారువ. ఆ లెక్కన పది మణుగులు 113 కేజీలు. తాతయ్యని అబద్ధాలకోరుని చేసే ముందు ఏ మణుగో చూసుకోవాలి నాయనా.

కుర్రోడూ, దర్జీ దగ్గర టేపు తెచ్చి గుండు నడుం చుట్టూ కొలిచి చెప్పు.

లంక_కుర్రోడు
కొలిచానండి. బాగా లావుగా ఉన్నచోట 136 సెంటీమీటర్లు.

లెక్కల_మాస్టారు
వ్యాసార్ధం 21.6. పూర్తి గోళమనుకుంటే ఘనపరిమాణం నలభై రెండున్నర లీటర్లు. నల్లరాయి లీటరుకి 2.7 కేజీలు వేసుకో, 115 వస్తుంది. పైనా కిందా నొక్కినట్టుందన్నావు కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. పది మణుగులు అన్నవాడెవడో కాటా వేసే అన్నాడు.

ఉలవచారు
గోళం ఘనపరిమాణం ఎందుకు పనికొస్తుందని పదో తరగతిలో అడిగితే మాకు బెత్తంతో సమాధానం చెప్పారు మాస్టారూ. ఇందుకన్నమాట.

తాటిముంజ
నాకు వేరే డౌటు. డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రే, గులకరాయి కూడా దొరకదు. మీ లంకలోకి నల్లరాయి గుండు ఎలా వచ్చింది?

లంక_కుర్రోడు
పడవ మీద వచ్చిందంటారు. ఎక్కడి నుంచో ఎవరికీ తెలీదు.

లెక్కల_మాస్టారు
ధవళేశ్వరం వైపు నుంచి అయ్యుండొచ్చు. 1847-52 మధ్య కాటన్ దొర ఆనకట్ట కట్టినప్పుడు అక్కడి కొండ రాయి వాడారు. తర్వాత కాలవల్లో పడవలు తిరగని ఊరు లేదు. ఇది నా ఊహ మాత్రమే, రాసి పెట్టుకోకండి.

ఇనపచువ్వ
అసలు ప్రశ్నకొద్దాం. 160 లేపేవాడికి 110 ఎందుకు లేవలేదు?

జిమ్‌లో పెద్ద ప్లేటు 45 సెంటీమీటర్లు. అంటే బారు నేల నుంచి 22.5 ఎత్తులో ఉంటుంది. నీ గుండు నడుమూ దాదాపు అంతే ఎత్తు. కానీ బారుని నడుం దగ్గర పట్టుకుంటావు, గుండుని పొట్ట కింద పట్టాలి. వేళ్లు నేలకి ఆనిపోతాయి. అంటే నువ్వు ఇంకో జానెడు కిందకి దిగాలి. ఇక బారు నీ కాళ్లకి రాసుకుంటూ వస్తుంది. గుండు బరువు దాని మధ్యలో ఉంటుంది, ఆ మధ్య నీకు 21 సెంటీమీటర్ల అవతల. ఎంత దగ్గరకు లాక్కున్నా రాయి రాయే కదా, లోపలికి దూరదు. నడుం మీద పడే భారం ఆ దూరంతో పెరుగుతుంది. మూడోది, బారు బొటనవేలంత లావు, పిడికిలి మూసుకుంటుంది. గుండుకి పిడికిలి లేదు. అరచేతులూ ముంజేతులూ రెండువైపుల నుంచీ నొక్కి పట్టాలి. ఆ నొక్కుడు నీకు డెడ్‌లిఫ్ట్ నేర్పలేదు.

ఇంకో సంగతి, గుండుని ఎవరూ ఒక్క ఊపులో ఎత్తరు. ముందు మోకాళ్ల దాకా తెచ్చి, గొంతుక్కూర్చున్నట్టు కూర్చుని ఒళ్లోకి లాక్కుంటారు. ఒళ్లో పెట్టుకుని ఊపిరి తీసుకుని, చేతులు మార్చి, పైనుంచి కావలించుకుని అప్పుడు లేస్తారు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు అనుకో.

ఉలవచారు
113 కేజీల చంటిపిల్లాడు. మా మేనల్లుడే.

డాక్టరమ్మ_భీమవరం
నేను ఫిజియోని. పైన ఇనపచువ్వ గారు చెప్పిన భంగిమలో వీపు గుండ్రంగా వంగకుండా గుండు పట్టుకోవడం కుదరదు. అలా వంగినప్పుడు బరువంతా వెన్నుపూసల మధ్య డిస్కుల మీద పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గ్యాస్ సిలిండర్ ఎత్తి వచ్చినవాళ్లే. ఎందుకండీ ఈ సరదా?

ఇనపచువ్వ
మేడమ్, వంగుతుంది, ఒప్పుకుంటా. కానీ ముందే వంచి, గట్టిగా బిగించి, అదే వంపులో లేవడం వేరు. నిటారుగా మొదలెట్టి బరువు పడ్డాక మధ్యలో కుంగిపోవడం వేరు. రెండోదే నడుం విరగ్గొట్టేది. సిలిండర్ కేసులు కూడా అవే అయ్యుంటాయి, పక్కకి తిరుగుతూ ఎత్తినవి.

డాక్టరమ్మ_భీమవరం
పక్కకి తిరుగుతూ ఎత్తినవి, అవును. బిగించడం వేరన్నది కూడా సగం ఒప్పుకుంటా. కానీ ఆ బిగింపు నెలల తరబడి తేలికపాటి బరువుతో అలవాటు కావాలి. ఇతను డైరెక్టుగా గుండు మీదకెళ్లాడు. అలాగే ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి ఆనందించండి చాలు.

హైద్రాబాద్_గోదారోడు
ఇవన్నీ ఇప్పటి లెక్కలు. పూర్వం వాళ్ల తిండి వేరు, గాలి వేరు. ధాన్యం బస్తా భుజాన వేసుకుని చేను నుంచి ఇంటిదాకా నడిచేవాళ్లు. ఫిజియోలు ఎక్కడున్నారప్పుడు?

ముఠా_కొడుకు
మా నాన్న ముప్పై ఏళ్లు రైసుమిల్లులో ముఠా పని చేశాడు. కాబట్టి దీని మీద నాకు మాట్లాడే హక్కుంది.

మన వైపు ధాన్యం బస్తా 75 కేజీలు. దాన్ని నేల మీద నుంచి ఒక్కడే ఎత్తుకోవడం నేను చూడలేదు. ఇద్దరు చెరో వైపు మూలలు పట్టి లేపుతారు, మూడోవాడు వంగి వీపు కింద పెడతాడు. ఆ తర్వాత అంతా అడుగులోనే ఉంటుంది. చిన్న అడుగులు, గబగబా, ఆగకుండా. ఆగితే బరువు తెలుస్తుంది అంటాడు నాన్న. లారీకి వేసిన బల్ల మీద ఎక్కేటప్పుడు బల్ల ఊగుతుంది, ఆ ఊపుతో పాటే అడుగు వెయ్యాలి, ఎదురు వేస్తే పడతావు. మోయడం వేరు, ఎత్తడం వేరు. జిమ్ముల్లో ఎత్తడం నేర్పుతారు, మాకు మోయడం వచ్చు. రెండూ వచ్చినవాడు మీ తాతయ్యలాంటివాడు అయ్యుంటాడు.

హైద్రాబాద్ అన్నా, ఆ తిండి, ఆ గాలి గురించి. మా నాన్నకి ఇప్పుడు 58. మెట్లు ఎక్కలేడు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మధ్యాహ్నం కూట్లోకి పచ్చడే ఎక్కువ రోజులు. అది బలం కోసం చేసింది కాదు, కూలి కోసం చేసింది.

హైద్రాబాద్_గోదారోడు
సరే తమ్ముడూ. ఊరు వదిలి ఇరవై ఏళ్లయింది, దూరం నుంచి అన్నీ బాగానే కనిపిస్తాయి.

వీరఘట్టం_వాడు
మీ గోదావరోళ్లకి ఒక్క గుండు దొరికితే ఇంత చర్చా? మా శ్రీకాకుళం వైపు సంక్రాంతి అంటే సంగిడి రాళ్లు, ఉలవల బస్తా ఎత్తే పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. ఉలవల బస్తా గుండు కంటే దరిద్రం. గింజలు నున్నగా ఉంటాయి కదా, నువ్వు ఇటు లేపితే బరువంతా అటు జారుతుంది.

పైగా మాది కోడి రామ్మూర్తి నాయుడు గారి ఊరు. ఛాతీకి గొలుసు చుట్టి ఊపిరి పీల్చి తెంపినాయన. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు.

ఉలవచారు
ఉలవల బస్తాని దరిద్రం అన్నందుకు నా మనోభావాలు దెబ్బతిన్నాయి.

తాటిముంజ
ఏనుగుని నిజంగా ఎక్కించుకున్నారా? మరి గామా పహిల్వాన్ 1200 కేజీల రాయి ఎత్తాడంటారు, అదీ నిజమేనా?

ఇనపచువ్వ
రెండూ ఒక గాటన కట్టకూడదు. ఏనుగు ఫీటులో ఛాతీ మీద బల్ల వేస్తారు, ఏనుగు దాని మీదకి ఎక్కుతుంది. బరువు పరుచుకుంటుంది. అయినా మామూలు మనిషి చేసేది కాదు. ఊపిరితో పొట్టా ఛాతీ బిగించడం తెలిసినవాడే చెయ్యగలడు. గుండుకీ అదే విద్య కావాలి.

బరోడా మ్యూజియంలో ఉన్న రాయి సంగతి వేరు. గామా 1902లో ఎత్తాడని చెప్పే ఆ రాయి 1200 కేజీలు. మంచి ఉక్కు బారుతో, పట్టీలు కట్టుకుని, 500 కేజీల డెడ్‌లిఫ్ట్ మొదటిసారి అయ్యింది 2016లో, ఇంగ్లండ్ బలశాలి ఎడ్డీ హాల్ చేశాడు. లేచాక ముక్కులోంచి రక్తం కారింది. దానికి దాదాపు రెండున్నర రెట్లు, అదీ పట్టు లేని రాయి? ఒక పక్క లేపి ఉంటాడు, దొర్లించి ఉంటాడు. ఆయన గొప్ప కుస్తీవీరుడు, ఆ గొప్పకి ఈ రాయి అక్కర్లేదు.

వీరఘట్టం_వాడు
ఒక పక్క లేపినా 600. నువ్వు లేపు చూద్దాం.

ఇనపచువ్వ
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు 🙂

సున్నుండ
అందరూ మగాళ్ల కథలే చెప్తున్నారు. శ్రీకాకుళం జిల్లా అనగానే నాకు కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. 2000 సిడ్నీలో 110 స్నాచ్, 130 జెర్క్, మొత్తం 240, కాంస్యం. ఆ 110 ఈ గుండు బరువే, తల మీదకి. అదీ 69 కేజీల విభాగంలో.

నేను తణుకులో లిఫ్టింగ్ చేస్తాను. కుర్రోడికి నా సలహా: ఇసుక బస్తా. లోపల ఖాళీ యూరియా సంచి, పైన గోనె సంచి. సంచి నిండా కూరకు, కొంచెం వదులు ఉండాలి, అప్పుడే నీ చేతుల్లో కదిలి ఏడిపిస్తుంది. ఇసుక ఎండబెట్టి తూచి పొయ్యి, తడిది ఆరితే బరువు మారిపోతుంది. 50తో మొదలెట్టు. వారానికి రెండు రోజులు చాలు. ఒక రోజు ఒళ్లోకి తీసుకుని లేవడం, ఒక్కొక్కటిగా ఎనిమిది పదిసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామంతో. ఇంకో రోజు కావలించుకుని నడవడం. ఎనిమిది పది ఏ అలుపూ లేకుండా అయ్యాకే ఐదు కేజీలు కలుపు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ తగ్గించి, బారుని ఛాతీ ముందు పెట్టుకుని కూర్చుని లేచేవి, అంటే ఫ్రంట్ స్క్వాట్లు, పెంచు.

ఇంకోటి. ఎత్తేటప్పుడు మోచేతులు వంచి లాగకు. చేతులు తాళ్లలాగా వదిలెయ్. వంచి లాగితే కండ తెగుతుంది, ఆ చప్పుడు ఒకసారి విన్నాను, మళ్లీ వినదలుచుకోలేదు.

లంక_కుర్రోడు
థాంక్స్ అక్కా. ర్యాంపు నుంచి మాకు తెలిసినాయన రెండు బస్తాల ఇసుక పంపిస్తానన్నాడు. చేతులు జారకుండా పౌడర్ రాసుకోవచ్చా? మా అమ్మ సున్నం రాసుకోమంటోంది.

ఇనపచువ్వ
ముఖానికి రాసే పౌడర్ ఇంకా జారుతుంది. సున్నం అసలు వద్దు, చెమటతో కలిస్తే చర్మం కాలుతుంది. జిమ్‌లో వాడే సుద్దపొడి మెగ్నీషియం కార్బొనేట్, అది వేరు, అది రాసుకో. విదేశాల్లో పోటీల్లో చేతులకి పైన్ చెట్టు జిగురు పూసుకుంటారు. పాతకాలపు గుళ్లకి మాత్రం ఒట్టి చేతులే మర్యాద.

ఉలవచారు
పనసపండు జిగురు? ఒకసారి పట్టిందంటే గుండు భుజం మీదకొస్తుంది, మళ్లీ దిగదు.

ప్రభల_పిల్లోడు
నాది అంబాజీపేట మండలం. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కనుమ రోజు మా ఊరి ప్రభ, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద ఊరేగించే పెద్ద వెదురు చట్రం, మోస్తాను, మూడేళ్లుగా. ముఠా_కొడుకు గారు అడుగు గురించి చెప్పింది చదివి ఒళ్లు జలదరించింది. మాకూ అంతే. వరిచేలో అడ్డంగా నడుస్తాం, కాలు పిక్కల దాకా దిగిపోతుంది. కొన్ని ప్రభలు కౌశిక దాటాలి, నీళ్లలో. అక్కడ బలమైనవాడు కాదు కావాల్సింది, పక్కవాడితో అడుగు కలిపేవాడు. జిమ్ము కుర్రాడొకడు మొదటి ఏడాది ముందు వరసలో నిలబడి ఒక్కడే ఎత్తెయ్యబోయాడు, భారమంతా వాడి భుజం మీదే పడింది. "శరభా" అని అరిచే ఊపిరి కూడా మిగల్లేదు వాడికి.

ఆ జిమ్ము కుర్రాడు నేనే.

లెక్కల_మాస్టారు
చివరి వాక్యానికి పది మార్కులు.

తాటిముంజ
అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా చేస్తారు కదా. ఆ గురువులెవరినైనా అడిగితే?

ప్రభల_పిల్లోడు
అక్కడ ప్రధానంగా కర్రా కత్తీ తిప్పడం. కానీ దండీలు, బస్కీలు బాగా తీయిస్తారు. ముంజేతి బలం కర్ర తిప్పేవాళ్లకి ఎక్కువ. వెళ్తే నష్టం లేదు.

ఇనపచువ్వ
ఐస్‌ల్యాండ్‌లో డ్యూపలోన్‌సాండుర్ అనే సముద్రతీరంలో నాలుగు రాళ్లున్నాయి. చేపల పడవ ఎక్కడానికి కుర్రాళ్లు వస్తే వాటితో పరీక్ష పెట్టేవాళ్లు. 154 కేజీలది ఫుల్‌స్టెర్కర్, అంటే పూర్తి బలం. 100ది హాల్ఫ్‌స్టెర్కర్, సగం బలం. 54 ఒకటి. 23ది అమ్లోది, అంటే పనికిమాలినవాడు. వాటిలో ఇంత రాయి ఎత్తితే గానీ పడవలో చోటు లేదు. మన గుండు 110 అనుకుంటే సగం బలం రాయి కంటే కొంచెం ఎక్కువే.

లంక_కుర్రోడు
అంటే ప్రస్తుతానికి నేను అమ్లోదినా?

వీరఘట్టం_వాడు
అమ్లోదికి కూడా గోరు ఊడదు తమ్ముడూ.

లంక_కుర్రోడు
అప్‌డేట్. తొమ్మిది వారాలయింది. ఇసుక బస్తా 50 నుంచి 85కి వచ్చాను. మొదటి రెండు వారాలు ముంజేతుల లోపలివైపు తోలు లేచిపోయింది, ఇప్పుడు గట్టిపడింది. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ 150కి పడిపోయింది, బాధగానే ఉంది.

గుండుని కొబ్బరికాయల వ్యాపారి కాటా మీదకి ఎక్కించాం, నలుగురం కలిసి మోకులు కట్టి. 108 కేజీలు.

లెక్కల_మాస్టారు
పది మణుగులకి ఐదు కేజీలు తక్కువ. ఆ మిగతాది వందేళ్లలో చేతులు అరగదీసి ఉంటాయిలే.

డాక్టరమ్మ_భీమవరం
మాస్టారూ, మీ నుంచి ఇది ఊహించలేదు.

లంక_కుర్రోడు
ఇంకో ఇబ్బంది. గుండు కదిలించినందుకు ఊళ్లో ఇద్దరు పెద్దలు గొడవ చేశారు, దేవుడి గుండు అంటూ. అరుగు మీద పెద్దాయనే సర్దిచెప్పాడు, "ఎత్తడానికి పెట్టిన దాన్ని ఎత్తకపోతేనే దేవుడికి కోపం" అని. కింద ఇసుక పోసి, పక్కన ఇద్దరుంటేనే ముట్టుకోవాలని షరతు పెట్టారు.

సున్నుండ
షరతు బంగారం. పడేటప్పుడు కాళ్లు ఎలా తప్పించాలో కూడా ప్రాక్టీసు చెయ్యి. వదిలెయ్యాలనిపిస్తే వెంటనే వదిలెయ్, కాపాడబోకు.

ముఠా_కొడుకు
కుర్రోడూ, ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపిస్తున్నా. ఆ గుండు చూడాలంటున్నాడు. ఆదివారం ఉంటావా?

లంక_కుర్రోడు
ఉంటానండి. భోజనం మా ఇంట్లోనే.

లంక_కుర్రోడు
నిన్న వచ్చారు. బాబాయ్ గారు ఆటో దిగి కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి గుండు చుట్టూ రెండుసార్లు తిరిగారు. నన్ను ఎత్తమన్నారు. నేల మీద నుంచి నాలుగు వేళ్లు లేచి జారింది. "ఇటు పట్టుకోకు, దీనికి ముఖం ఉంది" అన్నారు. నాచేత గుండుని పావు చుట్టు తిప్పించారు. అడుగున రెండువైపులా అరచేయి పట్టేంత గుంట లాంటిది ఉంది, చూస్తే కనపడదు, తడిమితేనే తెలుస్తుంది. మూడు నెలలుగా తప్పు వైపు పట్టుకుంటున్నాను.

అక్కడ పట్టుకున్నాక ఒళ్లోకి వచ్చేసింది. ఒళ్లోనే ఉంచుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను, లేవడం మర్చిపోయి. తర్వాత లేచా. ఛాతీ దాకా వచ్చింది. భుజం మీదకి ఇంకా కాలేదు.

ముఠా_కొడుకు
నాన్న దారి పొడుగునా అదే చెప్పాడు. బస్తా అయినా ముందు తడిమి చూస్తారట, ఎటు బరువుందో. నాకెప్పుడూ చెప్పలేదు. అడగలేదు కదా అన్నాడు. ఆ చేపల పులుసు గురించి కూడా చెప్తూనే ఉన్నాడు.

ఉలవచారు
అరుగు మీద పెద్దాయన ఏమన్నాడు?

లంక_కుర్రోడు
"మీ తాత ఛాతీ దాకా తెచ్చి మూడేళ్లు అక్కడే ఆగిపోయాడు" అన్నాడు. ఇది మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

తాటిముంజ
ఇది చదివాక మా ఊరి చెరువుగట్టున బట్టలుతికే గుండు ఒకటి కొలిచా. నడుం 150 సెంటీమీటర్లు. మాస్టారూ?

లెక్కల_మాస్టారు
గుండ్రంగానే ఉంటే 154 కేజీలు.

ఇనపచువ్వ
ఫుల్‌స్టెర్కర్!

తాటిముంజ
సరే, బట్టలే ఉతుక్కుంటాం.